ఎవరూ అడ్జస్ట్ అవ్వని వారం

కిందటి వారం మంగతాయారుని క్రెయిగ్ గదిలో నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. నోట మాట రాకపోవడం ఆవిడ జాతకంలోనే లేదు. అందుకని ఈ వారమంతా మీకెలా గడిచిందో గానీ, నాకు మాత్రం ఆవిడ మీద బెంగగానే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. హామిల్టన్‌లో ఒక గది ఉంది. కొండల అవతల ఉన్న మూడు చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లోని సి.టి. స్కానర్లను ఆ గదిలో కూర్చునే నడుపుతారు. ఆ ఊళ్ళలో మిషన్లున్నాయి, నడిపే మనుషులు లేరు. ఉద్యోగానికి రండి రండి అని ప్రకటనలు వేసి వేసి వాళ్ళు విసిగిపోయారు. మిషన్లకు దుప్పటి కప్పి పెట్టుకున్న రోజుల్లో, "మనిషిని పంపలేకపోతే పోనీండి, ఆ మనిషి పని ఇక్కణ్ణుంచి పంపిద్దాం" అని లేచినావిడ మంగతాయారు. అక్కడి నర్సు పేషెంటును బల్ల మీద పడుకోబెడుతుంది. ఇక్కడి టెక్నాలజిస్టు తెర మీద చూస్తూ, మైకులో ధైర్యం చెబుతూ స్కాన్ తీస్తుంది. ఇంకో ఊళ్ళో, పాపటోయిటోయిలో, తన ఇంటి ముందుగదిలో కూర్చున్న డాక్టర్ కృష్ణారావు గారు ఆ బొమ్మలు చూసి ఏం జబ్బో చెబుతారు. ముగ్గురు మూడు చోట్ల, పేషెంటు ఒక్కచోట. వినడానికి గారడీలా ఉంటుంది గానీ, ఎంతమంది ప్రాణాలు ఆ గారడీ వల్ల నిలబడ్డాయో ఇన్ని వారాలుగా చదువుతున్న మీకు తెలుసు.

ఈ పని పదికాలాల పాటు నిలవాలంటే ఇంకో ఇద్దరు మనుషులు కావాలని మంగతాయారు అర్జీ పెట్టుకుంది. పైవాళ్ళు కుదరదన్నారు. ఎందుకో చెప్పడానికి మేనేజరు క్రెయిగ్ తన కంప్యూటర్‌లో రోస్టర్, అంటే ఏ పూట ఎవరు పని చేస్తారో రాసిన గళ్ళ పట్టిక, తెరిచి చూపించాడు. క్రెయిగ్ చెడ్డవాడు కాడు. ఎదటివాళ్ళు చేసిన మంచిని తన ఖాతాలో వేసుకోని మేనేజరు, అలాంటివాళ్ళు ఏ దేశంలోనైనా అరుదే.

"షిఫ్టుకి మనిషి దొరక్కపోతే ఆ గడి ఎర్రగా మారుతుంది మంగా. ఏడాది పొడుగునా చూడు, ఒక్కటంటే ఒక్కటి ఎర్రది లేదు. మహేంద్ర మానేసి వెళ్ళాక కూడా లేదు. అతను లేకపోయినా పని జరుగుతోంది కదా అని ఆ పోస్టే తీసేశారు. కొరత ఎక్కడుందో నాకు చూపించు, పైవాళ్ళతో నేను పోట్లాడతాను" అన్నాడతను.

ఎర్ర గడి ఎందుకు లేదో మంగతాయారుకి తెలుసు. తెలుసు కాబట్టే నోరు పెగల్లేదు.

మన నోట్లో పడి తెలుగు మాటల కంటే తెలుగైపోయిన ఇంగ్లీషు మాట ఒకటుంది. అడ్జస్ట్ అవ్వడం. ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగోవాడికి చోటిస్తాం, అడ్జస్ట్ అయ్యాం అంటాం. చాలీచాలని పులుసులో చెంబెడు నీళ్ళు పోసి పదిమందికీ వడ్డిస్తాం, అదీ అడ్జస్ట్ అవ్వడమే. గొప్ప గుణమే, కాదనను. దాని మీదే మన కొంపలు నిలబడ్డాయి. కానీ ఆ గుణాన్ని ఆసుపత్రి రోస్టర్‌లోకి పట్టుకొస్తే ఏమవుతుందో చూడండి. అదే భవనంలో పక్క విభాగంలో కివీలు, అంటే ఈ దేశంవాళ్ళు, పనిచేస్తారు. జ్వరమొస్తే ఫోన్ చేసి రానంటారు, ఫోన్ పెట్టేసి పడుకుంటారు. గడి ఎర్రబడుతుంది. అలా ఎర్రబడీ ఎర్రబడీ వాళ్ళకి కొత్త మనిషి వచ్చాడు. మనవాళ్ళు మాత్రం గడి ఎర్రబడక ముందే ఎవరో ఒకరు వెళ్ళి కూర్చుంటారు. దానికోసం వాళ్ళ వాళ్ళలో ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. గ్రూపు పేరు 'ఏం పర్లేదు'. అందులో మంగతాయారు లేదు. లేకుండా జాగ్రత్త పడ్డారు.

ఎవరో ఒకరు సర్దుకుంటున్నారని ఆవిడకి తెలుసు గానీ, ఈ గ్రూపు సంగతి మాత్రం శుక్రవారమే తెలిసింది. టెక్నాలజిస్టు శరణ్య తెర ముందు కూర్చుని, "ఊపిరి బిగబట్టండి" అని పేషెంటుకి చెప్పి, మళ్ళీ "వదలండి" అనడం మర్చిపోయి ఒక క్షణం అలా ఉండిపోయింది. అవతల వైకౌరి ఆసుపత్రి నర్సు నైరీ, "ఓ హామిల్టన్, మావాడు నీలంగా మారిపోయే లోపు వదలమని చెప్పు తల్లీ" అని నవ్వేసింది కాబట్టి సరిపోయింది. మంగతాయారు నవ్వలేదు. ఇంత అలసట ఎక్కణ్ణుంచి వచ్చిందని నిలదీస్తే గ్రూపు సంగతి బయటపడింది. శరణ్య ఫోన్ అడిగి తీసుకుని, ఆ గ్రూపులో ఉన్నవన్నీ పైనుంచి కిందిదాకా చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపు పొద్దున్న అందరూ మా ఇంటికి రండి" అని మాత్రం అంది.

*

శనివారం హామిల్టన్ ఎప్పటిలాగే పొగమంచులో మునిగి ఉంది. ఎదురింటి కంచె కూడా కనపడటం లేదు. మంగతాయారు వంటింట్లో ఇడ్లీ కుక్కర్ ఈలల్లేకుండా బుసలు కొడుతోంది. ఈ ఊళ్ళో మీటింగ్ అంటే కాఫీ, మఫిన్ అని క్రెయిగ్ అనుకుంటాడు. మంగతాయారు లెక్కలో మీటింగ్ అంటే ఇడ్లీ, అల్లం పచ్చడి. ఎదటివాడి కడుపు నిండాక గానీ వాడితో దెబ్బలాడకూడదన్నది ఆవిడ అమలాపురం నుంచి తెచ్చుకున్న నియమం.

వచ్చినవాళ్ళు ఎక్కువమంది లేరు. శరణ్య వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, పాస్ అయి, ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటోంది. ఆ గదిలోనే పనిచేసే ఇంకో టెక్నాలజిస్టు శశిధర్ వచ్చాడు, వెంట భార్య అమృత, అమృత భుజం మీద మూడో నెల పాప. పచ్చడి జాడీకి ఆనించి పెట్టిన లాప్‌టాప్ తెరలో, పాపటోయిటోయి నుంచి డాక్టర్ కృష్ణారావు గారు. ఆయన్ని రమ్మనక్కర్లేదు, స్కానర్ల సంగతి ఎక్కడ మాట్లాడుకున్నా ఆయన ఉంటారు. ఒకసారి రిటైరై, ఇంట్లో ఉండలేక మళ్ళీ ఉద్యోగంలో చేరిన మనిషి. ఆయన ప్లేట్‌లోనూ ఏదో ఉంది, చెంచాతో తింటున్నారు.

మంగతాయారు మొదలుపెట్టింది.

"సోమవారం నుంచి ఎవరూ అడ్జస్ట్ అవ్వకండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఎవరి షిఫ్టు వాళ్ళు చెయ్యండి. పక్కవాడిది ఖాళీ అయితే ఖాళీగానే ఉండనివ్వండి. ఆ గడిని ఎర్రబడనివ్వండి. ఎమర్జెన్సీ వస్తే నేనున్నాను, ఎవరో ఒకరం పరిగెత్తుకెళ్ళి కూర్చుందాం, అందులో మాట లేదు. ఆగగలిగిన స్కాన్‌లు మాత్రం ఆగుతాయి. నైరీకి ముందే చెప్దాం, పేషెంట్లకి తేదీలు మారుస్తుంది. ఏది ఖాళీ వదులుతున్నామో క్రెయిగ్‌కి కూడా ముందే రాసి పెడదాం. దొంగచాటు పని కాదు ఇది."

శరణ్య చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఆగింది.

"నేను చెయ్య ఆంటీ" అంది.

"ఏం చెయ్యవు?"

"ఖాళీ విడిచిపెట్టుడు నాతోని కాదు. వైకౌరి నుంచి ఇక్కడికి వచ్చే రోడ్డు మీరు చూసిండ్రు కదా? అన్ని మలుపులే, మొద్దుల లారీలే. నేను ఒక్క పూట కూర్చుంటే అయిపోయే దానికి ఆ ముసలోళ్ళను అంత దూరం కార్ల తిప్పాల్నా? వాళ్ళ కడుపునొప్పి మన రోస్టర్ కోసం ఆగుతదా?"

"వచ్చే వారానికి ఆగేవే ఆపుతాం అంటున్నానుగా."

"ఏది ఆగుతదో, ఏది ఆగదో మనకెట్ల తెలుస్తది? మీరే చెప్పిండ్రు నాకు, ఫస్ట్ రోజు. తెర మీద కనబడేది తలకాయ కాదు, దాని వెనక ఇల్లుంటది అని. ఇప్పుడు మీరే ఆ ఇంటిని వదిలెయ్యమంటున్నరు. పోస్టుల కోసం పేషెంట్లను అడ్డం పెట్టుడే కదా ఇది?"

చురుక్కుమనే మాటే. మంగతాయారుకి తగిలింది కూడా. ఆవిడ స్థానంలో నేనుంటే ప్లేటు విసిరేసేదాన్ని. ఆవిడ మాత్రం శరణ్య ప్లేట్‌లో ఇంకో ఇడ్లీ వేసింది.

"మహేంద్ర గుర్తున్నాడా నీకు?" అని అడిగింది.

"ఎందుకు గుర్తుండడు?"

"బ్రిస్బేన్ వెళ్ళిపోయాడు. జీతం కోసం వెళ్ళాడని మనందరం అనుకున్నాం. నిన్న మీ గ్రూపు చదివాను. వెళ్ళేముందు ఏడాది మొత్తం వాడు మనిషిన్నర పని చేశాడు. ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. చెబితే మాట పడుతుందనుకున్నాడో, చిన్నతనం అనుకున్నాడో. వాడి వెనకాల ఒక్క ఎర్ర గడి లేదు. అందుకే వాడు పోయాక ఆ కుర్చీ కూడా తీసేశారు. వాడు అంత కష్టపడి మనకి మిగిల్చింది ఏమిటే అంటే, అసలు వాడి అవసరమే లేదనే సాక్ష్యం."

శరణ్య తల దించుకుంది, కానీ ఒప్పుకోలేదు.

"అట్లయితే నేను కూడా పోయేదాంక చేస్త. పోయినప్పుడు చూద్దాం."

"నువ్వు పోయిన రోజున వైకౌరి మిషన్ మీద మళ్ళీ దుప్పటి కప్పుతారు. ఈ పద్ధతి నేను నిలబెట్టింది నా వీరత్వం చూపించుకోవడానికి కాదు శరణ్యా. నేను చచ్చాక కూడా అది నడవాలి. నువ్వు పెళ్ళి చేసుకుని ఏ క్రైస్ట్‌చర్చ్‌కో పోయినా నడవాలి. మనుషులు మారినా నడిచేదాన్నే పద్ధతంటారు. మనిషి రక్తం తాగి నడిచేదాన్ని ఏమంటారో నాకు తెలీదు."

అప్పుడు మాట్లాడింది అమృత. ఆవిడ ఉద్యోగం వేరు, పాప పుట్టాక సెలవులో ఉంది, ఈ గదితో ఆవిడకి సంబంధం లేదు. అందుకేనేమో ఇంతసేపూ గోడకి ఆనుకుని పాప వీపు నిమురుతూ ఊరుకుంది.

"మీరిద్దరూ పేషెంట్ల గురించే మాట్లాడుకుంటున్నారు ఆంటీ. నేనొకటి చెప్పొచ్చా?"

"అమృతా, వద్దు" అన్నాడు శశిధర్.

"మీరుండండి. మొన్న మంగళవారం పాపకి టీకా వేయించడానికి వెళ్ళాం. ఈయన డ్రైవ్ చేస్తున్నారు. సిగ్నల్ దగ్గర రెడ్ పడింది, ఆగారు. గ్రీన్ పడింది, కదల్లేదు. ఫోన్ చూస్తున్నారేమో అనుకున్నాను. వెనక కారు హారన్ కొడితే ఉలిక్కిపడి లేచారు. నిద్రపోయారు ఆంటీ. కాలు బ్రేకు మీద ఉంది కాబట్టి సరిపోయింది. అదే కారు కదులుతున్నప్పుడు నిద్ర పట్టి ఉంటే? పాప వెనక సీట్లో ఉంది." అమృత పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ఆరోజు ఈయనకి సెలవు. ముందు రోజు ఎవరికో బదులు కూర్చొచ్చారట. ఎందుకండీ అంటే, ఏం పర్లేదు అన్నారు."

శశిధర్ గోడ మీది క్యాలెండర్‌ని చదువుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

శరణ్య లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చింది. పాపని అమృత భుజం మీంచి తను తీసుకుంది.

"ఆ ముందు రోజు షిఫ్టు నాదే" అంది మెల్లగా. "నాకు జ్వరమొచ్చింది. గ్రూపులో పెట్టిన. శశన్న వెంటనే 'ఏం పర్లేదు, నేను చేస్తా' అని పెట్టిండు. నేను మంచిగ పడుకున్న."

ఆ పిల్ల ఏడవలేదు. పాప తల మీద గడ్డం ఆనించి చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి మంగతాయారు ముందు ఆగింది.

"సరే ఆంటీ. ఒక్క వారం."

ఒక్క వారం అయితే ఒక్క వారం. తన మొండితనాన్ని అంత తొందరగా, అంత నిజాయితీగా దించుకున్న మనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు. వాదించి గెలిచినవాళ్ళని మెచ్చుకుంటాం గానీ, న్యాయంగా ఓడినవాళ్ళని కూడా మెచ్చుకోవాలి.

తెరలో కృష్ణారావు గారు చెంచా కింద పెట్టారు.

"మంగా, మంచి మాట చెప్పావమ్మాయ్" అన్నారు. "ఎప్పుడో ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట." అని ఇంకేదో అనబోయి, ఊరుకుని, అందరికీ చెయ్యి ఊపి తెర ఆపేశారు.

*

మహేంద్ర వదిలి వెళ్ళిన షిఫ్టుల్లో ఒకటి, గురువారం మధ్యాహ్నానిది, ఎర్రబడింది. ఆ రోస్టర్ పుట్టాక మొట్టమొదటి ఎర్ర గడి. క్రెయిగ్ తన గదిలోంచి నడిచి వచ్చి మరీ చూశాడు. శరణ్య ఉదయం షిఫ్టు చేసి, ఖాళీ కుర్చీ వైపు తిరిగి చూసుకుంటూ చూసుకుంటూ ఇంటికి వెళ్ళింది. అలవాటైన కాళ్ళని తలుపు దాటించడం ఎంత కష్టమో ఆ పిల్ల నడకలోనే తెలిసింది.

"నిజంగా ఎవరూ లేరా?" అని అడిగాడు క్రెయిగ్.

"లేరు. ఇప్పటివరకూ కూడా లేరు క్రెయిగ్. ఇవాళ నీకు కనబడింది, అంతే" అంది మంగతాయారు.

అతను బుర్ర గోక్కున్నాడు. అర్థమవుతున్న మనిషి మొహం అది. ఈ ఒక్క గడిని పైవాళ్ళకి చూపించి తనేం మాట్లాడాలో కూడా అతని పెదవుల మీద కదులుతోంది. మంగతాయారుకి కొంచెం ఊపిరి ఆడింది.

సరిగ్గా అప్పుడే వైకౌరి తెర వెలిగింది. నైరీ.

నైరీ గురించి మీకు మళ్ళీ చెప్పాలా? అరవై దాటిన నర్సు. ఊళ్ళో సగం మంది పుట్టినప్పుడు ఆవిడే ఎత్తుకుంది. ఎంత గొడవ జరిగినా 'కాస్త తేడాగా ఉంది' అంటుందే తప్ప అంతకు మించి కంగారు మాట ఆవిడ నోట రాదు. ఇక్కడివాళ్ళు నిప్పంటుకున్నా 'కొంచెం వేడిగా ఉంది' అనే రకం.

"మంగా, మీ కుర్చీ ఖాళీ అని తెలుసు. అయినా పిలిచాను" అంది నైరీ. "వారెన్ ఉన్నాడిక్కడ, అదే, డెయిరీ ఫామ్ వారెన్. నాలుగు రోజులుగా తలనొప్పి. ఇవాళే స్కాన్ జరగాల్సింది. మీరు చెప్పారని వచ్చే వారానికి మార్చాను. దూడలు పుట్టే రోజులు కదా, మనిషి పొద్దస్తమానం పొలంలోనే ఉన్నాడు, ఫోన్ చూసుకోలేదు. వచ్చేశాడు. సరేలే అని టీ ఇచ్చాను. కప్పు చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. మా డాక్టరు ఇక్కడే ఉంది, ఎమర్జెన్సీ అంటోంది."

నైరీ 'కాస్త తేడాగా ఉంది' అనలేదు. మంగతాయారు ఆ మాట కోసం ఎదురుచూసింది, అది రాలేదు.

"బల్ల మీదికి ఎక్కించు" అంటూనే కుర్చీలో కూర్చుంది.

క్రెయిగ్ అలవాటుకొద్దీ రోస్టర్‌లో ఆ గడి మీద ఆవిడ పేరు నింపబోయాడు.

"దాన్ని ముట్టుకోకు. ఆ షిఫ్టుకి మనిషి లేడు. నేను మంటలార్పడానికి వచ్చిన దాన్ని" అంది ఆవిడ వెనక్కి చూడకుండానే. అతను చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత ఆ ఇద్దరు ఆడవాళ్ళూ పని చేసిన తీరు చూడాలి. మధ్యలో అన్ని కొండలున్నాయంటే ఎవరూ నమ్మరు. "తల కొంచెం నీ వైపు" అని మంగతాయారు అనేలోపే నైరీ చేతులు ఆ పని చేసేస్తున్నాయి. వారెన్ వేసుకున్న గమ్‌బూట్లు, ఆ పొడుగాటి రబ్బరు బూట్లు, నైరీ లాగేసింది, బురద సాక్సులతోనే అతను పడుకున్నాడు. "నేను బానే ఉన్నా, దూడలు..." అని ముద్ద ముద్దగా ఏదో అంటున్నాడు.

"వారెన్, నా పేరు మంగ. నేను హామిల్టన్‌లో ఉన్నాను, కానీ నువ్వు నాకు బాగా కనబడుతున్నావు. దూడల సంగతి మీ ఆవిడ చూసుకుంటుంది. నువ్వు కదలకుండా పడుకుంటే చాలు. అంతే, అలాగే. ఎంత బాగా ఉన్నావో" అంది మంగతాయారు. అమలాపురం యాస ఇంగ్లీషులోకి కూడా వచ్చేసింది. ఎవరికీ తప్పనిపించలేదు. వారెన్ నిజంగానే కదలకుండా ఉన్నాడు.

బొమ్మలు ఒకటొకటిగా దిగాయి. టెక్నాలజిస్టు రోగం పేరు చెప్పకూడదు, అది డాక్టరు పని. కానీ ఇన్నేళ్ళుగా చూసిన కళ్ళకి ఎవరు అడ్డం పెడతారు? బూడిద రంగు మధ్యలో ఒకచోట తెల్లగా, ఉండకూడనంత తెల్లగా మరక. అది ఏమిటో క్రెయిగ్‌కి కూడా తెలిసిపోయింది, ఎందుకంటే మంగతాయారు మైకు ఆపేసి చేత్తో నోరు మూసుకుంది.

"రక్తమా?" అన్నాడు.

"డాక్టరు గారు చెప్పాలి" అంది ఆవిడ. అప్పటికే ఫోన్ చేతిలో ఉంది.

కృష్ణారావు గారు చెబితే చాలు. ఆయన ఒక్క మాటతో హెలికాప్టర్ లేస్తుంది, ఏ ఊరి ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాలో తెలుస్తుంది. ఆయన కాకపోతే బయటి కంపెనీకి పంపాలి, అక్కడ వరసలో పడాలి, ఆ వరస ఎప్పుడు కదులుతుందో దేవుడికే ఎరుక. అంత అవసరం ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు. పొద్దునైనా, మధ్యాహ్నమైనా రెండో రింగు పూర్తయ్యేలోపు ఆయన గొంతు వినబడేది.

ఫోన్ మోగుతోంది. మోగుతూనే ఉంది.

రోస్టర్ తెరని కిందికి జరిపిన క్రెయిగ్ ఒక్కసారి ముందుకి వంగాడు. టెక్నాలజిస్టుల వరసల కింద డాక్టర్ల వరస ఉంటుంది. ఆ వరస వైపు ఎవరూ చూడరు, చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆ గడీ ఎర్రగా ఉంది.

అవతల ఫోన్ ఎత్తారు. కృష్ణారావు గారు కాదు, ఆయన భార్య కృష్ణవేణి గారు.

"అక్కయ్యగారూ, నేను మంగని. డాక్టరు గారికి ఇవ్వండి, అర్జెంటు."

"ఆయన లేరు మంగా. బయటికెళ్ళారు."

"ఎక్కడికి? ఫోన్..."

"ఫోన్ ఇక్కడే పెట్టేసి వెళ్ళారమ్మా. మధ్యాహ్నం డ్యూటీ అసలు ఆయనది కాదట కదా? ఇంకో డాక్టరుదట, ఆయన మానేసి రెండేళ్ళయిందట. అప్పట్నుంచీ రెండూ ఈయనే చేస్తున్నారని నాకూ మొన్ననే చెప్పారు, ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదు. శనివారం నీ మాటలు విన్నాక రెండు రోజులు ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు." కృష్ణవేణి గారి గొంతులో చాలా కాలానికి ఊపిరి పీల్చుకున్న ఇల్లాలి తేలిక ఉంది. "ముందే చెప్పాలన్నావటగా, పొద్దున్నే రోస్టర్‌లోంచి తన పేరు తీసేసి, మీ మేనేజరు గారికి మెయిల్ పెట్టారు. ఈ పూట చూడను, వేరే ఏర్పాటు చేసుకోండి అని. ఎవరి ఖాళీ వాళ్ళదేనని నువ్వే చెప్పావట కదమ్మా."

మంగతాయారు మెల్లగా వెనక్కి తిరిగింది. క్రెయిగ్ జేబులోంచి ఫోన్ తీసి, చదవని మెయిళ్ళని వేలితో పైకి తోస్తున్నాడు. ఒకచోట ఆ వేలు ఆగిపోయింది.

వైకౌరి తెరలో నైరీ కెమెరాకి దగ్గరగా వచ్చింది. ఆవిడ భుజం వెనక వారెన్ భార్య, గమ్‌బూట్లు రెండూ గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"మంగా, అతను మాట్లాడటం మానేశాడు. మీ డాక్టరు గారు ఏమన్నారు? హెలికాప్టర్‌ని పిలవమన్నారా?"